దిద్దుకోనిచ్చే రంగు: పాత కారుకు ఇంట్లోనే ఎనామిల్

పదిహేనేళ్లు నిండిన కారు. రిజిస్ట్రేషన్‌ను మరో ఐదేళ్లకు పొడిగించుకున్నారు, ఇంజను బాగానే ఉంది. కానీ పైకప్పు మీదా బానెట్ మీదా రంగు వెలిసిపోయి, చేత్తో రాస్తే పొడి అంటుతోంది. డోర్ల అడుగున తుప్పు బొబ్బలు లేచాయి. షెడ్డుకు తీసుకెళ్తే బండి మొత్తానికి రంగు వేయడానికి చెప్పే ధర, ఆ బండిని అమ్మితే వచ్చే సొమ్ములో పెద్ద వాటా అవుతుంది. అలాగే వదిలేస్తే తుప్పు రేకును తినుకుంటూ పోతుంది. ఈ రెండింటి మధ్య నలిగే యజమానికి ఏదో ఒక రోజు ఒక ఆలోచన వస్తుంది: గేట్లకూ గ్రిల్స్‌కూ వేసే రంగు డబ్బా తెచ్చి మనమే వేసుకుంటే ఏమవుతుంది? విన్నవాళ్లలో సగం మంది నవ్వుతారు, మిగతా సగం ఎవరో వేసుకున్న బండి అద్దంలా మెరుస్తున్న ఫొటో చూపిస్తారు. ఇద్దరూ చూసేది మెరుపునే కాబట్టి ఇద్దరి మాటా మనకు పెద్దగా పనికిరాదు.

మెరుపును బట్టి రంగును ఎంచుకోవడం పని వచ్చినవాడికి చెల్లుతుంది. అతని చేతిలో అనుభవం ఉంది, ఎక్కడైనా చెడితే బాగుచేసే సరంజామా పక్కనే ఉంది. మొదటిసారి పనికి దిగేవాడికి పొరపాట్లు ఎలాగూ తప్పవు. అందుకని అతను ముందుగా అడగాల్సినవి రెండు ప్రశ్నలు: ఈ రంగు చెడితే ఎలా చెడుతుంది? చెడినదాన్ని నా దగ్గరున్న సాధనాలతో నేనే దిద్దుకోగలనా? ఏ వస్తువుతోనైనా అత్యుత్తమ ఫలితం సాధించాలంటే నైపుణ్యం కావాలి. దాని వైఫల్యం మాత్రం నైపుణ్యం లేనివాడి నెత్తిమీదే పడుతుంది. ఈ కొలతతో చూస్తే, కార్లకు పనికిరాదని చాలామంది కొట్టిపారేసే సింథటిక్ ఎనామిల్, ఇంట్లో పనిచేసేవాడి చేతికి మిగతా రంగులన్నిటికంటే ఎక్కువ అనువైనదని తేలుతుంది. అది ఎందుకో, ఎంతవరకో చూద్దాం.

కంపెనీ రంగుతో పోటీ ఎందుకు వద్దు

ఫ్యాక్టరీలో బండి తొడుగు మొత్తాన్నీ తొట్టిలో ముంచి, విద్యుత్తు సాయంతో తుప్పును ఆపే తొలి పూత పట్టిస్తారు. ఆపైన ప్రైమర్, దానిమీద రంగు, అన్నిటికన్నా పైన పారదర్శకమైన క్లియర్ కోటు వస్తాయి. మధ్యమధ్య బండిని ఓవెన్‌లోకి పంపి పూతలను గట్టిపరుస్తారు. ఈ పొరలన్నీ కలిపినా మందం సుమారు 100 నుంచి 150 మైక్రాన్లే, అంటే మిల్లీమీటరులో పదో వంతు కంటే కాస్త ఎక్కువ. అంత పల్చని పొరలు అంత సమంగా పడటానికి కారణం వడకట్టిన గాలి, అదుపులో ఉన్న ఉష్ణోగ్రత, యంత్రాల చేతులు. ఇంటి పోర్టికోలో ఈ మూడూ ఉండవు. అక్కడ కూర్చుని ఆ మెరుపు కోసం ప్రయత్నించేవాడు ఓడిపోయే పందెం కాసినట్టే.

అయితే కార్ల రంగుల చరిత్ర అంతా ఫ్యాక్టరీ బూత్‌ల చరిత్ర కాదు. తొలినాళ్లలో గుర్రపు బగ్గీలకు వేసినట్టే కార్లకూ నూనె వార్నిష్‌లను బ్రష్షుతో పూసేవారు. ఒక్కో బండికి వారాల తరబడి పట్టేది. 1923లో డ్యూపాంట్ కంపెనీ తెచ్చిన డ్యూకో అనే నైట్రోసెల్యులోజ్ లాకర్ స్ప్రేతో త్వరగా ఆరిపోయి ఆ వారాలను రోజుల్లోకి కుదించింది. 1930లలో ఆల్కిడ్ ఎనామిళ్లు కార్ల మీదికి వచ్చాయి. ఆక్రిలిక్‌లు వచ్చి పక్కకు నెట్టేదాకా, దాదాపు రెండు దశాబ్దాల పాటు, అవి కార్లకు మామూలు రంగులే. ఈరోజు హార్డ్‌వేర్ షాపులో సింథటిక్ ఎనామిల్ పేరుతో అమ్మేది ఆ ఆల్కిడ్ కుటుంబానిదే. కాబట్టి ఇది కారు మీద పడకూడని రంగేమీ కాదు, కొత్త రంగులు వచ్చాక పెద్ద కంపెనీలు వదిలేసిన రంగు. ఆరడానికి సమయం తీసుకుంటుంది, ఫ్యాక్టరీలో నిమిషాల లెక్క ముఖ్యం. సెలవు రోజుల్లో పని చేసుకునే మనకు ఆ లెక్క లేదు.

ఏ రంగు ఎలా చెడుతుంది

ఇంట్లో కారు మీద ప్రయోగించే రంగులను ఒక్కొక్కటిగా మన రెండు ప్రశ్నలకు నిలబెట్టి చూడాలి. గోడల ఎమల్షన్ చవక, వాసన తక్కువ, బ్రష్షు కడగడానికి నీళ్లు చాలు. కానీ అది నీళ్లు కలిసిన రంగు. బయటపడిన ఇనుము మీద పూస్తే ఆరేలోపే తుప్పు మొదలవుతుంది. నున్నటి పాత రంగు మీద దానికి పట్టు ఉండదు, పెట్రోలు చుక్క పడితే మెత్తబడుతుంది, పెచ్చులుగా లేస్తుంది. దిద్దడమంటే మొత్తం గీకి మళ్లీ మొదలుపెట్టడమే. 2019 వేసవిలో అహ్మదాబాద్‌లో ఒక కారుకు చల్లదనం కోసం ఆవుపేడ అలికిన ఫొటోలు దేశమంతా తిరిగాయి. పేడను కడిగేయడం సులువే, కానీ రేకుల అతుకుల్లో అది పట్టి ఉంచే తేమ కంటికి కనపడకుండా తుప్పును పెంచుతుంది. అమెరికాలో పికప్ ట్రక్కుల వెనుక తొట్టికి వేసే బెడ్‌లైనర్‌ను కొందరు బండి మొత్తానికీ పూస్తారు. గీతలు పడవు, గరుకుగా ఉండటం వల్ల లోపాలు కనపడవు. చిక్కు కూడా అక్కడే ఉంది: దాని కింద తుప్పు పాకినా కనపడదు, కనపడినరోజు ఆ పూతను తొలగించడం మహా కష్టం. రబ్బరులా ఒలుచుకునే ప్లాస్టి డిప్ వంటి పూతలు మన ప్రశ్నలకు కొంత మెరుగ్గా నిలుస్తాయి, నచ్చకపోతే తీసేయొచ్చు. అయితే పల్చగా వేసినా, ఏళ్ల తరబడి ఎండలో వదిలినా అవి తుంపులు తుంపులుగా తప్ప ఊడవు. పైగా వాటిని మంచి రంగు మీద వేస్తేనే ప్రయోజనం, తుప్పు పట్టిన బండికి అవి మందు కావు.

ఇక షెడ్డుల్లో వాడే టూ-కే పాలియురెథేన్ రంగులు. ఫలితంలో వీటికి సాటి లేదు, కానీ వీటి వైఫల్యం బండికంటే ముందు మనిషికి తగులుతుంది. వీటిలో కలిపే హార్డెనర్‌లో ఐసోసయనేట్‌లు ఉంటాయి. స్ప్రే చేసినప్పుడు ఆ తుంపరను పీలిస్తే ఊపిరితిత్తులకు దానిపట్ల అసహనం ఏర్పడి ఉబ్బసం పట్టుకోవచ్చు. ఒకసారి ఒంటికి ఆ అసహనం వచ్చాక కొద్దిపాటి తుంపర తగిలినా తిరగబెడుతుంది. అందుకే పద్ధతిగా పనిచేసే చోట బయటి నుంచి స్వచ్ఛమైన గాలి అందించే మాస్కు వాడతారు. పిల్లలూ పెద్దవాళ్లూ తిరిగే ఇంట్లో ఈ పని పెట్టుకోకూడదు. మెటాలిక్ రంగులది మరో రకం ఇబ్బంది. వాటిలోని అల్యూమినియం రేణువులు ఒకే తీరున పరచుకుంటేనే మెరుపు సమంగా కనిపిస్తుంది. రోలరుగానీ బ్రష్షుగానీ వాటిని లాగేసి మచ్చలు చేస్తుంది. ఆ మచ్చ రంగు పొరలోనే ఉంటుంది కాబట్టి రుద్ది పోగొట్టలేం. మీ బండి మెటాలిక్ రంగుదైతే రోలరు పద్ధతి దానికి పనికిరాదని ఇక్కడే ఒప్పుకోవాలి.

ఎనామిల్ తప్పులు ఎందుకు దిద్దుకోవచ్చు

సాదా రంగు ఎనామిల్‌ది వేరే స్వభావం. రంగు, మెరుపు రెండూ ఒకే పొరలో, పైనుంచి కిందిదాకా ఉంటాయి. దానిలో వచ్చే లోపాలు ఏమిటి? దుమ్ము అంటడం, కారిన చారలు, రోలరు జాడలు, గాలి బుడగలు. ఇవన్నీ పొర పైభాగంలో ఉండే లోపాలు. ఆరాక నీళ్లు చల్లుతూ వాటర్ పేపర్‌తో రుద్దితే పోతాయి, రుద్దినచోట బయటపడేది అదే రంగు. ఇంకో పూత వేస్తే రుద్దిన జాడ కూడా ఉండదు. అంటే మొదటి పూతలో చేసిన తప్పు రెండో పూతకు పాఠమవుతుంది తప్ప బండిని పాడుచేయదు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీల మీద బ్రష్షుతో వేసే రంగుల పని చూసినవాళ్లకు ఇది కొత్త విషయం కాదు. ఎండావానల్లో వేల కిలోమీటర్లు తిరిగే ఆ లారీలకు రంగు శాశ్వతంగా నిలవాలని ఎవరూ ఆశించరు. వెలిసినప్పుడు, ఫిట్‌నెస్‌కు తీసుకెళ్లేముందు మళ్లీ వేస్తారు. మళ్లీ వేసుకోగలగడమే ఆ రంగుకున్న అసలు విలువ.

ఈ పద్ధతికి కార్ల విషయంలో ఎక్కువ పేరు వచ్చింది అమెరికాలో. అక్కడ తుప్పు నివారణకు వాడే రస్ట్-ఓలియం ఎనామిల్‌ను పల్చగా కలిపి నురగ రోలరుతో పాత కార్లకు వేసుకోవడం ఒక అలవాటుగా స్థిరపడింది. ఆ కంపెనీని 1921లో మొదలుపెట్టిన రాబర్ట్ ఫెర్గూసన్ ఓడ కెప్టెన్. తుప్పుపట్టిన డెక్కు మీద చేపనూనె ఒలికినచోట తుప్పు ముందుకు పాకకపోవడం గమనించి ఆ వ్యాపారానికి దిగాడు. చేపనూనె, అవిసెనూనె వంటివి గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని గట్టిపడతాయి. ఆల్కిడ్ ఎనామిల్ ఆరేది కూడా అలాగే. ఈ ఒక్క సంగతి అర్థమైతే పని చేసే తీరు మొత్తం దానంతటదే తెలుస్తుంది. మందంగా పూస్తే పైభాగం ముందు ఆక్సిజన్ తీసుకుని తోలు కడుతుంది, అడుగు మెత్తగానే ఉండిపోతుంది. దానిమీద తొందరపడి మరో పూత వేస్తే ముడతలు పడుతుంది. కాబట్టి పూతలు పల్చగా, ఎక్కువ సంఖ్యలో, మధ్యలో తగినంత వ్యవధి ఇచ్చి వేయాలి.

పని వరుస

పనిలో ఎక్కువ భాగం డబ్బా మూత తీయకముందే అయిపోవాలి. ముందు సబ్బుతో కడిగి, మైనపు పాలిష్, గ్రీజు జాడలు లేకుండా టర్పెంటైన్ అద్దిన గుడ్డతో తుడవాలి. తుప్పు ఉన్నచోట వైరు బ్రష్షుతో మెరిసే ఇనుము కనపడేదాకా గీకాలి. బొబ్బ చుట్టూ బాగున్నట్టు కనిపించే రంగు కింద కూడా తుప్పు ఉంటుంది, అక్కడా వదలకూడదు. రేకు చిల్లు పడితే అది టింకరింగ్ పని, లప్పంతో పూడ్చి దాచకూడదు. గీకినచోట అదేరోజు రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ వేసి, గుంటలుంటే లప్పం పెట్టి చదును చేయాలి. గట్టిగా నిలిచిన పాత రంగును మొత్తం తీసేయనక్కర్లేదు, 400 నంబరు వాటర్ పేపర్‌తో మెరుపు పోయేలా రుద్దితే కొత్త రంగుకు పట్టు దొరుకుతుంది. పాత పెయింట్లలో సీసం ఉండే వీలుంది కాబట్టి పొడిగా రుద్దొద్దు, ఎప్పుడూ తడిపే రుద్దాలి. మాస్కు పెట్టుకోవాలి, కారిన నీళ్లను పిల్లలు ఆడే చోటికి పారనీయకూడదు. మన దేశంలో ఇళ్లకు వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదని 2016లో చేసిన నిబంధనలు 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చాయి. కొత్త డబ్బా కొనేటప్పుడు దానిమీద ఆ మాట ఉందో లేదో చూసుకోవాలి.

రంగును మినరల్ టర్పెంటైన్‌తో పల్చన చేయాలి. గేటుకు వేసేదానికంటే పల్చగా, రోలరు జాడ నిమిషంలో తనంతట తానే సర్దుకునేలా ఉండాలి. ఆ చిక్కదనం ఏదో పాత రేకుముక్క మీద వేసి చూసుకోవాలి. కిరోసిన్ కలిపితే జిడ్డు మిగిలి ఆరడం ఆలస్యమవుతుంది. పెట్రోలైతే దాని ఆవిరి మామూలు వేడిలోనే నిప్పందుకుంటుంది, దాని జోలికి పోవద్దు. నాలుగంగుళాల నున్నటి నురగ రోలరుతో ఒకసారికి ఒక భాగం, అంటే ఒక డోరు లేదా బానెట్ పూర్తిచేసి, బుడగలుంటే మెత్తటి బ్రష్షు కొసతో తేలిగ్గా నిమరాలి. ఒక రాత్రి ఆరనిచ్చి రెండో పూత, ఆపైన మరో రోజు ఆగి 600 పేపర్‌తో తడిపి రుద్దడం. ఇలా రెండు పూతలకోసారి రుద్దుతూ ఆరు నుంచి ఎనిమిది పూతలు. ముట్టుకుంటే అంటకపోయినా ఎనామిల్ లోలోపల గట్టిపడటానికి వారాలు పడుతుంది. చివరి 1500, 2000 పేపర్లూ కాంపౌండ్ పాలిషూ అప్పటిదాకా ఆగాలి.

రోజును, ఋతువును కూడా ఎంచుకోవాలి. మన ప్రాంతాల్లో సంక్రాంతి తర్వాతి వారాలు అనుకూలం, కానీ రాత్రి మంచు పడుతుంది. గాలిలోని తేమ మంచుగా మారే ఉష్ణోగ్రత కంటే రేకు కనీసం 3 డిగ్రీలు వెచ్చగా ఉండాలనేది పూతల పనిలో స్థిరపడిన నియమం. కాబట్టి రేకు మీది చెమ్మ పూర్తిగా ఆరాక, పొద్దెక్కి మొదలుపెట్టి మధ్యాహ్నం లోపు ముగించి, సాయంత్రానికి బండిని కప్పు కిందికి చేర్చాలి. మే నెల ఎండలో కాలిన రేకు మీద రంగు పరచుకోకముందే టర్పెంటైన్ ఎగిరిపోయి రోలరు జాడలు నిలిచిపోతాయి. అమెరికా చలికాలంలో గరాజ్‌లో పనిచేసే తెలుగువాళ్లకు ఎదురయ్యేది ఇందుకు వ్యతిరేకం: 10 డిగ్రీల సెల్సియస్ కంటే దిగువన ఎనామిల్ సరిగా ఆరదు. ఎక్కడైనా సరే, రంగు తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకూడదు. ఆరేటప్పుడు ఆక్సిజన్‌తో జరిగే చర్య వేడిని పుట్టిస్తుంది, ఉండలో ఆ వేడి బయటికి పోలేక గుడ్డలు తమంతట తామే అంటుకోవచ్చు. వాటిని విడివిడిగా పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్లలో ముంచి ఉంచాలి.

కాగితాల సంగతీ మరువకూడదు. ఆర్.సి.లో బండి రంగు నమోదై ఉంటుంది. వేరే రంగు వేస్తే రవాణా శాఖ కార్యాలయంలో ఆ మార్పు నమోదు చేయించుకుని, బీమా కంపెనీకి తెలపాలి. ఆలివ్ గ్రీన్ మాత్రం వేయనే కూడదు; కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లోని 121వ నియమం ఆ రంగును రక్షణ శాఖ వాహనాలకే పరిమితం చేసింది. పాత రంగునే మళ్లీ వేసుకోవడం అన్నిటికన్నా తేలిక. తలుపు తీసినప్పుడు లోపలి రంగుతో తేడా కూడా కనపడదు.

అభ్యంతరాలు

మొదటి అభ్యంతరం అందం గురించి: దగ్గరికెళ్లి చూస్తే తెలిసిపోతుందంటారు. నిజమే, తెలిసిపోతుంది. ఓపికగా రుద్దితే కొన్ని అడుగుల దూరం నుంచి చక్కగా కనిపిస్తుంది, జానెడు దూరం నుంచి చేతిపని బయటపడుతుంది. చేతిపని కనపడటమే లోపమా అన్నది మరో ప్రశ్న. 1979లో ఆండీ వార్హోల్ బి.ఎం.డబ్ల్యు. ఎం1 రేసు కారు మీద అరగంటలోపే బ్రష్షుతో స్వయంగా రంగులు వేశాడు. ఆ కారు అదే ఏడాది లె మాన్ పందెంలో ఆరో స్థానంలో నిలిచింది. బ్రష్షు జాడలు దాని వేగాన్ని తగ్గించలేదు. కానీ ఈ ఉదాహరణను అతిగా లాగకూడదు. ఆయన జాడలు కోరి వదిలినవి, మనవి చేతకాక మిగిలేవి. పొదుపు కోసం చేసే పనిని కళ అని పిలుచుకోవడం కంటే, తుప్పు ఆగిందా లేదా అన్న కొలతతో తూచుకోవడం నిజాయితీ.

రెండోది మన్నిక. ఎనామిల్ ఎండకు కొన్నేళ్లలో వెలుస్తుంది, పైన పొడి తేలుతుంది; ముదురు ఎరుపు వంటి రంగుల్లో ఇది త్వరగా కనపడుతుంది. దీన్ని కాదనలేం. అయితే అలా వెలిసినప్పుడు పైపైన రుద్ది మరో రెండు పూతలు వేసుకోవడానికి మళ్లీ మొదటి నుంచి పని చేయనక్కర్లేదు. క్లియర్ కోటు పెచ్చులు లేచిన కంపెనీ రంగుకు ఆ వెసులుబాటు లేదు. లేచిన పొరనంతా తీసి మళ్లీ వేయాల్సిందే. కనుక తక్కువ కాలం మన్నే రంగు, సులువుగా మళ్లీ వేసుకోగలిగితే, పాత బండికి మిగిలిన కొద్ది ఏళ్లకు సరిపోతుంది.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా బలమైనది. రేపు షెడ్డులో మంచి రంగు వేయించాలనుకుంటే ఈ ఎనామిల్ అడ్డుపడుతుంది. లాకర్ థిన్నర్ ఘాటుకు ఎనామిల్ ఉబ్బి ముడుచుకుంటుంది కాబట్టి, పెయింటరు దాన్ని మొత్తం తీసేయమంటాడు, ఆ కూలి మన మీదే పడుతుంది. కొనేవాడు కూడా ధర తగ్గిస్తాడు. ఈ అభ్యంతరానికి సమాధానం లేదు. ఇది మన వాదనకున్న హద్దు. మన కొలత ప్రకారం చూసినా ఎనామిల్ పొరలోని తప్పులు దిద్దుకోవచ్చు గానీ, ఎనామిల్ వేయాలన్న నిర్ణయాన్ని అంత చవగ్గా వెనక్కి తీసుకోలేం. అందుకే నాలుగేళ్ల బండికి, లోను తీరని బండికి, సేకరణ విలువ ఉన్న పాత అంబాసిడర్‌కు ఈ పద్ధతి వద్దు. అమ్మే ఉద్దేశం లేకుండా, చివరిదాకా వాడుకునే సాదా రంగు బండికి మాత్రమే ఇది తగినది.

నాలుగో మాట సమయం గురించి వస్తుంది. ఆరబెట్టడాలు, రుద్దడాలు కలిసి వారాంతాలు చాలానే కరిగిపోతాయి, అదే సమయంలో వేరే పనితో సంపాదించి షెడ్డుకు కట్టొచ్చు కదా అంటారు. అలా సంపాదించగలిగినవాళ్లు షెడ్డుకే ఇవ్వడం మంచిది, అందులో చిన్నతనం లేదు. ఆ వెసులుబాటు లేనివాళ్లకూ, చేత్తో పని నేర్చుకోవాలన్న కోరిక ఉన్నవాళ్లకూ ఈ లెక్క మారుతుంది. బండి మీది తుప్పు ఎక్కడ మొదలవుతుందో, నీళ్లు ఏ అతుకులో నిలుస్తాయో తెలిసిపోయిన యజమాని ఆ తర్వాత చిన్న బొబ్బను చూసి ఊరుకోడు, అదే వారం గీకి పూత వేస్తాడు.

ఇదే కొలత రంగు డబ్బాకు బయట కూడా పనిచేస్తుంది. కొత్త పనికి సాధనం ఎంచుకునేటప్పుడు, కొత్త వ్యాపారంలో తొలి పెట్టుబడి పెట్టేటప్పుడు, కొత్త విద్యకు గురువును వెతుక్కునేటప్పుడు మనం గొప్ప ఫలితాల ఫొటోలే చూస్తాం. నేర్చుకునే దశలో చూడాల్సింది, తప్పు చేస్తే ఎంత నష్టంతో బయటపడతాం, మళ్లీ ప్రయత్నించే అవకాశం మిగులుతుందా అన్నది. బండి విషయంలో ఆ పరీక్ష ఇలా చేయండి: ముందు మొత్తం బండికి దిగకుండా ఎవరి కంటా పడని చిన్న భాగం, అంటే డిక్కీ మూత లోపలివైపు, ఎంచుకుని తుడవడం నుంచి ఆఖరి రుద్దుడు దాకా పూర్తిచేయండి. ఒక నెల వాడి చూడండి. గోటితో గీస్తే లేవకుండా, చుట్టూ తుప్పు కనపడకుండా ఉంటే, ఆ పనిలో మీ ఓపిక కూడా నిలిచి ఉంటే, బానెట్‌కు వెళ్లండి. ఈ మూడింటిలో ఏది తప్పినా షెడ్డుకు ఫోను చేయండి. అప్పటికి మీకు ఖర్చయింది ఒక చిన్న డబ్బా రంగు, కొన్ని వాటర్ పేపర్లు మాత్రమే.